పాత కత్తి, కొత్త తుప్పు

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో గాజునో గొలుసునో మిషన్‌లో పెడితే నిమిషంలో లెక్క తెరమీద పడుతుంది. బంగారం ఇంత, వెండి ఇంత, రాగి ఇంత. మిషన్లు రాకముందు గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఆమ్లం చుక్క వేసి, రంగు చూసి తేల్చేవారు. పద్ధతి మారినా ప్రశ్న మారలేదు. ఇందులో ఏముంది, ఎంతుంది? ఆ జవాబు లోహంలోనే ఉంటుంది.

అదే వీధిలోకి ఒకరు ముత్తాత నాటి బాకు తెచ్చి "దీనికెన్నేళ్లుంటాయి?" అని అడిగితే సంగతి వేరు. ఇప్పుడు తేలాల్సింది లోహం కాదు, కాలం. కాలాన్ని నేరుగా తూచే మిషన్ లేదు. కాలం లోహం మీద వదిలిన గుర్తులను ఒక్కొక్కటిగా ఏరుకుని, ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే హాల్‌మార్క్ బంగారు నగలకు హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు తప్పనిసరైంది. కత్తికి అలాంటి నంబరు ఏ కమ్మరీ వేయలేదు. ఈ అధ్యాయమంతా ఒకే మాట చుట్టూ తిరుగుతుంది: కత్తి కొత్తదని రుజువు చేయడం తేలిక, పాతదని రుజువు చేయడం కష్టం. ఈ తేడాను పట్టుకుంటే మిగతా పరీక్షలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కడప జిల్లాలో పాత కత్తి ఒట్టిగా రాదు, కథను వెంటబెట్టుకుని వస్తుంది. జమ్మలమడుగు వైపు నుంచి వస్తే అది గండికోటది, ఆ కోటను ఏలిన పెమ్మసాని వారి కాలంది. పులివెందుల వైపు నుంచి వస్తే పాళెగాళ్లది. ఈ కథలకు చరిత్రలో చోటుంది, అందులో సందేహం లేదు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైన మొదటి సమస్య ఎనభై మంది దాకా ఉన్న పాళెగాళ్లూ వాళ్ల బంట్లూ. 1846లో తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలోదే. అంత ఆయుధం తిరిగిన నేల మీద పాత కత్తులు మిగలడంలో వింత లేదు.

అయితే ఇనుము ఊరికే పడి ఉండే వస్తువు కాదు. అరిగిన బాకు కొలిమికి పోయి కొడవలి అయ్యేది, కొడవలి అరిగితే మేకు అయ్యేది. 1650లో గండికోటను పట్టుకున్న మీర్ జుమ్లా గుడి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోత పోయించబూనిన వైనాన్ని 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు. దేవుడి విగ్రహానికే ఆ గతి పట్టినప్పుడు మామూలు కత్తిని ఎవరు దాచారు? నిజంగా మూడు వందల ఏళ్లు నిలిచిన కత్తి అరుదు. చేతికొచ్చిన ప్రతి కత్తినీ మొదట అనుమానంతోనే చూడాలి.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోవాలి. కత్తి వయసంటే ఏ భాగం వయసు? అలుగు ఒక కాలానిది, పిడి ఇంకో కాలానిది, ఒర మరో కాలానిది కావచ్చు. దక్షిణ దేశంలో ఇది మోసం కాదు, వాడుక. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన అలుగులకు ఇక్కడి పిడులు బిగించి వాడేవారు. వాటికి ఫిరంగీ కత్తులనే పేరు. తాత పిడి విరిగితే మనవడు కొత్త పిడి వేయించుకుంటాడు. అందుకని మొత్తం కత్తికి ఒకే సంవత్సరం చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఇక కత్తిని వెలుతురులో పెట్టి, పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో, ఒక వెర్నియర్ కొలబద్దతో చూద్దాం. ముందు వెన్ను మందం కొలవాలి. పిడి దగ్గర, నడుమ, మొనకు అంగుళం ఇవతల. చేత్తో సాగగొట్టిన అలుగు పిడి దగ్గర మందంగా మొదలై మొన వైపు సన్నబడుతూ పోతుంది. సమ్మెట దెబ్బల వల్ల ఆ సన్నబడడం కూడా ఒక్క తీరున ఉండదు, అక్కడక్కడ వెంట్రుకవాసి ఎగుడుదిగుళ్లు తగులుతాయి. రేకులోంచి కోసి తీసిన నకలు కత్తి మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం ఉంటుంది. గ్రైండర్ చక్రం గీతలు ఒకదాని పక్కన ఒకటి ఒకే వంపులో కనబడతాయి. చేత పట్టుకునే యాంగిల్ గ్రైండర్ 1954లో జర్మనీలో వచ్చింది. దాని గీతలు తుప్పు కింద కనిపించాయంటే ఆ తుప్పు అంతకన్నా పాతది కాదు.

తర్వాత వాదర చూడాలి. ఏళ్ల తరబడి సానబట్టిన కత్తి వెడల్పు తగ్గుతుంది, కానీ అంతటా ఒకేలా తగ్గదు. పిడికి ఆనుకుని ఉన్న అర అంగుళం మేర సానరాయి ఆనదు. అక్కడ అలుగు పుట్టినప్పటి వెడల్పుతోనే మిగిలిపోతుంది. ఆ తర్వాత వాదర లోపలికి తగ్గి, చిన్న మెట్టు ఏర్పడుతుంది. భూతద్దం కింద ఆ మెట్టు అంచు గుండ్రంగా, నున్నగా ఉంటే అది వాడకం వల్ల వచ్చింది. పదునుగా తెగి ఉంటే ఆకురాయితో చేసింది. నేను ఎక్కువ విలువిచ్చే గుర్తు ఇదే. తుప్పును వారంలో పుట్టించవచ్చు. ముప్పై ఏళ్ల సానను పుట్టించాలంటే ముప్పై ఏళ్లు కూర్చోవాలి.

పిడి కూడా ఇలాగే మాట్లాడుతుంది. అరచెయ్యి ఆనే చోట నున్నబడాలి, వేళ్లు తగలని మూలల్లో నల్లబడాలి. పిడి అంతా సమానంగా అరిగితే ఆ అరుగుదల చేతిది కాదు, గరుకు కాగితానిది. దసరాకు ఆయుధ పూజ చేసే ఇళ్లలో బాకుల పిడి సందుల్లో కుంకుమ, ఆముదం, దుమ్ము పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడతాయి. ప్రొద్దుటూరు దసరా అంటే సీమంతా పేరున్న వేడుక. ఆ వేడుకలు చూస్తూ పెరిగిన కత్తి మీద ఆ పొరలు ఉండాలి. అడుగు పొరలో పసుపు, సున్నంతో చేసిన కుంకుమ, పై పొరల్లో ఈ కాలపు రసాయన రంగు ఉన్నాయని ప్రయోగశాల చెబితే దానికి మించిన సాక్ష్యం దొరకడం కష్టం. కడిగి, మెరుగుపెట్టి తెచ్చిన కత్తిలో ఈ సాక్ష్యమంతా నీళ్లపాలై ఉంటుంది.

తుప్పు విషయానికి వస్తే, కొనేవాళ్లు మోసపోయేదంతా ఇక్కడే. ఉప్పునీళ్లు, ఆమ్లం, పేడదిబ్బ, వీటిలో దేంతోనైనా కత్తిని కొద్ది రోజుల్లో ఎర్రబరచవచ్చు. కానీ అన్ని తుప్పులూ ఒకటి కావు. ఇనుము గాలి, తేమలతో నెమ్మదిగా కలిసినప్పుడు లోపలి వైపు నల్లటి మాగ్నటైట్, పైన గోధుమ రంగు గోథైట్ అనే గట్టి ఖనిజాలు ఏర్పడతాయి. గోరుతో గీకితే రాలవు. ఉప్పు తగిలించి తొందరగా పుట్టించిన తుప్పులో క్లోరిన్ ఉన్న అకగనైట్ అనే ఖనిజం కనబడుతుంది. అది నారింజ రంగులో, పొడిపొడిగా, అలుగంతా ఒకే ఈడున ఉంటుంది. వానాకాలంలో దాని మీద చెమట చుక్కల్లాంటివి లేస్తాయి. ఎక్స్‌రే వివర్తనంతోనో రామన్ వర్ణపటంతోనో ఈ ఖనిజాలను విడివిడిగా గుర్తించవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. ఉప్పు చౌడు నేలలో నిజంగా పూడిపోయిన పాత ఇనుములోనూ అకగనైట్ ఉంటుంది. అది కనిపించినంత మాత్రాన నకిలీ అని తేల్చకూడదు. ఇంట్లో ఆముదం రాసి దాచామని చెప్పే కత్తిలో కనిపిస్తే మాత్రం ఆ కథను అడ్డంగా ప్రశ్నించవచ్చు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ ఉన్న నల్లరేగడిలో సున్నపు గుళ్లు ఎక్కువ. ఆ నేలలో చాలాకాలం పడి ఉన్న ఇనుము తుప్పులో మట్టి, ఇసుక రేణువులు, సున్నం కలిసి పెంకు కడతాయి. పెంకును అడ్డంగా కోసి చూస్తే తుప్పు, నేల విడదీయలేనంతగా పెనవేసుకుని ఉంటాయి. మోసగాడు పూసిన మట్టి పైన అంటుకుని ఉంటుంది, అంతే.

ఇప్పుడు లోహంలోకి వెళదాం. పులివెందుల వైపు ఏ కొలిమి దగ్గరికి కత్తి తీసుకెళ్లినా అనుభవం ఉన్న కమ్మరి దాగలి మీద ఒకసారి తట్టి చూసి, "ఇది లారీ కమాన్ పట్టా సార్, పాతదేం కాదు" అనగలడు. దశాబ్దాలుగా మన ఊళ్లలో కొడవళ్లు, మచ్చుకత్తులు ఎక్కువగా ఆ పట్టాలతోనే తయారవుతున్నాయి. కమ్మరి చెవికి తెలిసింది రసాయన శాస్త్రానికి ఇలా తెలుస్తుంది: కమాన్ పట్టా ఉక్కులో మాంగనీస్ ఒక శాతానికి దగ్గరగా ఉంటుంది, దానితో సిలికానో క్రోమియమో కలుపుతారు. 1856లో హెన్రీ బెస్సెమర్ ఉక్కును టన్నుల లెక్కన తీసే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఉక్కు పెళుసుబారకుండా మాంగనీస్ కలపడం రాబర్ట్ ముషెట్ నేర్పాడు. అప్పటి నుంచి కర్మాగారపు ఉక్కులో మాంగనీస్ ఉండి తీరుతుంది. కట్టెబొగ్గుతో మన పల్లెల్లో తీసిన పాత ఇనుములో అది సాధారణంగా లేశమాత్రమే. క్రోమియం పది శాతం దాటితే స్టెయిన్‌లెస్ స్టీలు, దాన్ని 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తయారుచేశాకే అది కత్తుల దాకా వచ్చింది.

ప్రొద్దుటూరు మిషన్ ఇక్కడ పనికొస్తుందా? కొంతవరకు. అది ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం. ఎక్స్‌రే తగిలిన ప్రతి మూలకం తనదైన శక్తితో కిరణాన్ని తిరిగి విడుదల చేస్తుంది. ఇనుముది 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, మాంగనీస్‌ది 5.9, క్రోమియంది 5.4. అంత దగ్గరి విలువలను విడదీయగల యంత్రం, ఉక్కు నమూనాలతో సరిచూసిన యంత్రం అయితే మాంగనీస్‌ను పట్టేస్తుంది. బంగారానికి మాత్రమే సరిచేసి పెట్టిన మిషన్ చెప్పే ఇనుము లెక్కను నమ్మకూడదు. పైగా ఉక్కుకు ప్రాణమైన కార్బన్ దానికి అసలు కనబడదు. కార్బన్ కిరణం శక్తి 0.28 మాత్రమే, గాల్లోనే ఇంకిపోతుంది.

మాంగనీస్ చెప్పుకోదగ్గ పాళ్లలో దొరికితే కత్తి పంతొమ్మిదో శతాబ్దం నడుమకు ఇటువైపుదే, నరసింహారెడ్డి చేతిది కాదు. దొరకకపోతే? ఏమీ తేలదు. పల్లెల్లో కట్టెబొగ్గు ఇనుము ఆ తర్వాత కూడా చాలాకాలం తీశారు. పాత ఇనుప ముక్కతో నిన్న చేసిన కత్తిలోనూ మాంగనీస్ ఉండదు.

ఇత్తడి పిడుల గురించి పుస్తకాల్లో ఒక సూత్రం కనిపిస్తుంది: తుత్తునాగం ముప్పై శాతం దాటితే ఇటీవలిదని. అది ఐరోపాకు పుట్టిన సూత్రం. అక్కడ పాత పద్ధతిలో అంతకు మించి తుత్తునాగం రాగిలోకి ఎక్కేది కాదు. మన దేశంలో రాజస్థాన్‌లోని జావర్‌లో ఐరోపా కన్నా శతాబ్దాల ముందే తుత్తునాగాన్ని ఆవిరి చేసి విడిగా తీశారు. బీదరు బిద్రీ పాత్రల్లో ఎక్కువ భాగం అదే. కాబట్టి ఆ సూత్రంతో మన పిడిని కొలిస్తే నిఖార్సైన పాత పిడి కూడా నకిలీ అవుతుంది.

అలుగు మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తే ధర పది రెట్లవుతుంది, మోసమూ పది రెట్లవుతుంది. ఆ చారలు మన తెలుగు నేల ఉక్కువి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు గడ్డల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1820ల్లో ఆ ఊరు చూసిన హెన్రీ వాయిసీ రాశాడు. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. తక్కువ వేడి మీద ఓపికగా సాగగొడితే కార్బన్ ఎక్కువున్న సిమెంటైట్ రేణువులు వరుసలు కట్టి, ఆమ్లం తగిలినప్పుడు తెల్ల చారలుగా తేలతాయి. ఆ వరుసలు కట్టడానికి ముడి ఖనిజంలోని వనేడియం వంటి మూలకాలు కారణమని, పది లక్షల పాళ్లలో నలభై పాళ్లున్నా చాలని జాన్ వర్హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే 1998లో చూపించారు.

నకిలీ చారలు రెండు రకాలు. ఒకటి, మామూలు ఉక్కు మీద మైనం పూసి ఆమ్లంతో గీసిన బొమ్మ. కనిపించని మూల నున్నగా రుద్దితే పోతుంది, మళ్లీ ఆమ్లం రాసినా రాదు. అసలు ఉక్కులో చార లోతుగా ఉంటుంది కాబట్టి ఎంత రుద్దినా తిరిగి వస్తుంది. రెండోది, రెండు రకాల ఉక్కు రేకులను పొరలుగా అతికి మెలిపెట్టింది. ఇది నకిలీ అనడం కూడా న్యాయం కాదు, వేరే కళ. మూస ఉక్కు పేరు పెట్టి అమ్మినప్పుడే మోసం. సూక్ష్మదర్శినిలో చూస్తే రేకుల అతుకులు తెలుస్తాయి.

ఇంత చెప్పాక పాఠకులు అడిగే ప్రశ్న నాకు తెలుసు. బొగ్గుకు, ఎముకకు చేసే కార్బన్-14 పరీక్ష ఉక్కుకు చేయకూడదా? చేయవచ్చు. ఉక్కులోని కార్బన్ కట్టెబొగ్గు నుంచి వచ్చింది, ఆ కార్బన్ ఒకనాడు చెట్టులో ఉంది. 1960ల్లో నికొలాస్ వాన్ డెర్ మెర్వే ఈ దారి వేశాడు. అప్పట్లో గ్రాము దాకా కార్బన్ కావాల్సి వచ్చేది, అంటే కత్తిని కత్తిలాగా మిగల్చకుండా కోయాలి. ఇప్పుడు ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఉన్నటువంటి యాక్సిలరేటర్ యంత్రాలకు ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు. ఒకటిన్నర శాతం కార్బన్ ఉన్న మూస ఉక్కయితే డెబ్బై మిల్లీగ్రాముల లోహం, పిడి లోపలి తోక నుంచి తీసిన చిన్న ముక్క.

ఫలితం రెండు రకాలుగా రావచ్చు. రాతిబొగ్గు కోక్‌తో తీసిన ఉక్కయితే అందులో కార్బన్-14 దాదాపు ఉండదు. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు, రాతిబొగ్గు వయసు కోట్ల ఏళ్లు. పరీక్ష కత్తికి పదుల వేల ఏళ్ల వయసు చెబుతుంది, అంటే కత్తి కర్మాగారపు కాలంది. ఈ విధంగా కొత్తదాన్ని పట్టుకోవడంలో ఈ పరీక్షకు తిరుగులేదు. కట్టెబొగ్గు ఉక్కయితే కష్టం మొదలవుతుంది. 1650 నుంచి 1950 దాకా గాల్లో కార్బన్-14 పాలు పైకీ కిందికీ ఊగడం వల్ల ఆ మూడు వందల ఏళ్లలోని ఏ తేదీ అయినా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. మీర్ జుమ్లా కాలం, మన్రో కాలం, మన తాతల కాలం అన్నీ ఆ కిటికీలోనే పడ్డాయి. కడప జిల్లా కత్తుల్లో మనకు తెలియాల్సిన కాలమే ఈ పరీక్షకు తెలియని కాలం కావడం బాధాకరం.

దీనికి ఒక పక్కదారి ఉంది. 1950, 60ల్లో జరిగిన అణుపరీక్షలు ఉత్తరార్ధగోళపు గాల్లో కార్బన్-14ను దాదాపు రెట్టింపు చేశాయి. ఆ తర్వాతి కొన్ని దశాబ్దాల్లో పెరిగిన చెట్టులో, ఏనుగు దంతంలో, పిడిలో అలుగును బిగించిన లక్కలో ఆ అదనపు పాలు ఉండి తీరుతుంది. నూరేళ్ల నాటిదని అమ్మిన దంతపు పిడిలో అది కనిపిస్తే ఆ ఏనుగు స్వాతంత్ర్యం వచ్చాక బతికిందని రుజువైనట్టే.

రూపాన్ని బట్టి వయసు చెప్పడం ఇంకో మార్గం. కడప జిల్లాలో వీరగల్లులకు కొదవ లేదు. రేనాటి చోళుల నాటి నుంచి వీరుల నడుముల్లో, చేతుల్లో ఆయుధాలు రాతిలో కనబడతాయి, శాసనం ఉంటే కాలమూ తెలుస్తుంది. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో ఆరో శతాబ్దపు తెలుగు శాసనమే ఉంది. కానీ రూపం మొదలైన కాలాన్నే ఇది చెబుతుంది. విజయనగర కాలపు కటారి రూపాన్ని నేటికీ ఉదయపూర్‌లో పర్యాటకుల కోసం చేస్తున్నారు.

ప్రపంచంలో అనుమానానికి తావులేని పాత కత్తులను చూస్తే అసలు కీలకం ఎక్కడుందో తెలుస్తుంది. జలంధర్ దగ్గర 1621లో పడిన ఉల్కతో జహంగీర్ చేయించిన కత్తి ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. దాని మీద బంగారు అక్షరాలున్నాయి, చక్రవర్తి తన ఆత్మకథలోనూ ఆ సంగతి రాశాడు. టుటన్‌ఖామెన్ మమ్మీ కట్ల మధ్య దొరికిన బాకును 2016లో ఇటలీ, ఈజిప్టు శాస్త్రవేత్తలు ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌తోనే పరీక్షించి, దాదాపు 11 శాతం నికెల్ ఉందని, ఉల్క ఇనుమని తేల్చారు. అయితే మూడు వేల మూడు వందల ఏళ్ల వయసు చెప్పింది నికెల్ కాదు, సమాధి. తమిళనాడు కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో ప్రకటించినప్పుడు కూడా తేదీ ఇచ్చింది ఇనుము దొరికిన పొరలోని నమూనాలే.

అందుకే గుప్తనిధుల వేటగాళ్లు చేసే నష్టం చూస్తే నాకు కోపం వస్తుంది. కోటగోడ పక్కన, పాత గుడి వెనక రాత్రిపూట తవ్వి కత్తిని పైకి లాగినప్పుడు దాని చుట్టూ ఉన్న బొగ్గు, కుండపెంకు, మట్టిపొర అన్నీ చెదిరిపోతాయి. కత్తి మిగులుతుంది, దాని వయసు పోతుంది. ఆ తర్వాత ఏ ప్రయోగశాలా దాన్ని తిరిగి తేలేదు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదంటుంది. ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల పొడవు లేదా రెండు అంగుళాల వెడల్పు దాటిన అలుగుల ప్రస్తావన కూడా ఉంది. పెద్ద కత్తి ఇంట్లో ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే కనుక్కోవడం మంచిది.

మీ ఇంట్లో పెట్టెలో ఒక బాకు ఉందనుకోండి. చింతపండుతో తోమొద్దు, ఆకురాయి తగిలించొద్దు, పిడి ఊడదీయొద్దు. కొలబద్ద పక్కన పెట్టి రెండు వైపులా, వెన్ను మీద, పిడి సందుల్లో ఫొటోలు తీయండి. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఏ ఊరు, ఆ మాట మీకు ఎవరు చెప్పారు అనేవన్నీ ఇంటి పెద్దవాళ్లను అడిగి తేదీ వేసి రాసి ఉంచండి. అవ్వ ఒకటి, జేజినాయన ఇంకొకటి చెబితే రెండూ రాయండి. ఆ కాగితంతో కలిపి కత్తిని కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో చూపించండి. గుడ్డలో చుట్టేటప్పుడు ప్లాస్టిక్ కవరు వాడొద్దు, లోపల తేమ నిలిచి తుప్పు ముదురుతుంది. ఉతికి ఆరేసిన నూలుగుడ్డ చాలు.